నూనె డ్రమ్ములతో పాడించిన ట్యూడర్ మనకెందుకు దక్కలేదు?

కూచిపూడిలో నట్టువాంగం ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే నర్తకి అడుగు తడబడుతుంది. అమెరికాలోని మెర్స్ కన్నింగ్‌హామ్ నృత్య బృందంలో ఆ టెన్షనే ఉండేది కాదు. సంగీతం, నృత్యం ఎవరికి వారు తయారు చేసుకునేవారు, రెండూ కలిసేది వేదిక మీదే. 1953లో ఆ బృందం మొదలైనప్పటి నుంచీ దాని సంగీతంలో భాగమైనవాడు పియానిస్ట్ డేవిడ్ ట్యూడర్. స్వరకర్త జాన్ కేజ్ 4 నిమిషాల 33 సెకన్ల మౌనాన్ని 1952లో మొదటిసారి పియానో ముందు కూర్చుని 'వాయించింది' కూడా ఆయనే.

1968లో కన్నింగ్‌హామ్ నృత్యం కోసం చేసిన 'రెయిన్‌ఫారెస్ట్' ఆయన దారి మార్చేసింది. ట్రాన్స్‌డ్యూసర్ అనే చిన్న పరికరాన్ని ఏ రేకుకో, చెక్కకో బిగించి శబ్దం పంపితే ఆ వస్తువే స్పీకర్ అవుతుంది. దాని లోహం, మందం, ఆకారం ఏ స్వరాలను ఒప్పుకుంటే అవే గట్టిగా పలుకుతాయి. 1973లో న్యూహాంప్‌షైర్‌లోని చొకోరువాలో యువ కళాకారులకు వర్క్‌షాప్ పెట్టినప్పుడు ఇదే పెద్ద ఇన్‌స్టలేషన్ అయింది. దొరికిన పాత సామానంతా వేలాడదీశారు. చూడవచ్చినవాళ్లు వాటి మధ్య తిరుగుతారు, చేత్తో తాకుతారు, డ్రమ్ములో తల పెట్టి వింటారు. ఏ వస్తువును ఎలా పలికించాలో శిష్యులు ఎవరికి వారే తేల్చుకోవాలి తప్ప మేష్టారు చెప్పడు. ఇంతకంటే మంచి బోధన నాకు తెలియదు. తర్వాత వీడియో కళలో పేరు తెచ్చుకున్న బిల్ వయోలా కూడా అక్కడి నుంచి వచ్చినవాడే. ఆ శిష్యులే బృందంగా నిలబడ్డారు. ట్యూడర్ 1996లో పోయినా, 2019లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో రెయిన్‌ఫారెస్ట్ మళ్లీ మోగిందంటే వాళ్ల చలవే.

ఇదే ట్యూడర్ చొకోరువా వర్క్‌షాప్‌కు నాలుగేళ్ల ముందే, 1969లో, అహ్మదాబాద్ వచ్చాడు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో కరెంటుతో శబ్దాలు పుట్టించే మూగ్ సింథసైజర్‌తో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టించాడు. దీని వెనక అక్కడి పారిశ్రామికవేత్తలు సారాభాయి కుటుంబం ఉంది. 1946లోనే కేజ్‌కు మన సంగీతం నేర్పిన గీతా సారాభాయి కూడా ఆ స్టూడియోలో పనిచేశారు. అతుల్ దేశాయి, ఐ.ఎస్. మాథుర్ లాంటివాళ్లు చేసిన రికార్డింగులు అప్పటికి ఎక్కడైనా కొత్తే. కానీ 1970ల మొదట్లోనే అంతా ఆగిపోయింది. టేపులు దశాబ్దాల పాటు సంస్థ ఆర్కైవులోనే ఉండిపోయాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని బయటికి తీశాక, 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి.

మన దగ్గర ప్రతిభ కరువై ఇలా జరిగిందంటే నేనొప్పుకోను. ఆ టేపులు వింటే ఎవరూ ఒప్పుకోరు. అహ్మదాబాద్‌లో అంతా విదేశం నుంచి తెచ్చిన ఒక్క ఖరీదైన యంత్రం చుట్టూ తిరిగింది, నేర్పినవాడేమో కొన్నాళ్లుండి వెళ్లిపోయాడు. చొకోరువాలో వాడినవి సొంతంగా అతికించుకున్న సర్క్యూట్లు, పారేసిన సామాన్లు. వర్క్‌షాప్ అయిపోయాక కూడా ఆ సామాను, ఆ పనితనం శిష్యుల చేతుల్లోనే ఉన్నాయి.

ట్రాన్స్‌డ్యూసర్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. మన కాలేజీలు మాత్రం మీడియా ల్యాబ్ అనగానే ముందు ఖరీదైన యంత్రాలకు కొటేషన్లు తెప్పించుకుంటాయి.