సిగ్నల్ దగ్గర గీత వెనకాల ఆగండి

బెంగళూరు ట్రాఫిక్ మీద మన తెలుగు గ్రూపుల్లో రోజూ ఎవరో ఒకరు మండిపడుతూనే ఉంటారు. గుంతలు, మెట్రో పనులు, వాన పడితే మునిగిపోయే అండర్‌పాసులు. అన్నీ నిజమే. కానీ నేను రాస్తున్నది వాటి గురించి కాదు. సిగ్నల్ దగ్గర మన చేతిలో బండి ఉన్నప్పుడు మనం చేసే పని గురించి. దానికి కార్పొరేషన్నీ కాంట్రాక్టర్నీ తిట్టి లాభం లేదు.

మారతహళ్లి, టిన్ ఫ్యాక్టరీ, సిల్క్ బోర్డు, హెబ్బాళ... ఏ జంక్షన్‌కైనా వెళ్లి కాసేపు పక్కన నిలబడి చూడండి. రెడ్ పడ్డాక బళ్లు ఎక్కడ ఆగుతున్నాయో అదొక్కటే చూడండి. స్టాప్ లైన్ వెనక ఆగేవి ఏ కొన్నో. ముందొచ్చిన బైకులు జీబ్రా మీదికి ఎక్కేస్తాయి. వెనకొచ్చినవి సందుల్లోంచి దూరి వాటికన్నా ముందుకెళ్లి నిలబడతాయి. పక్కనుంచి ఆటో మూతి పెడుతుంది. నిమిషం తిరిగేసరికి నడిచేవాళ్ల కోసం వేసిన చారల్లో ఒక్కటీ కనబడదు. ఇక రోడ్డు దాటాల్సిన మనిషి ఏం చేయాలి? ఆగిన బళ్లన్నిటినీ చుట్టుకుని, జంక్షన్ నడిమధ్యకు దిగి, అడ్డంగా దూసుకొచ్చే బళ్లకు ఎదురుగా నడవాలి. మనం రెండడుగులు ముందుకు జరిగినందుకు అవతలి మనిషి ప్రాణం పణంగా పెట్టాలన్నమాట.

సిగ్నల్ మారే ఆ నాలుగైదు సెకన్లు ఇంకా ఘోరం. ఇటువైపు కౌంట్‌డౌన్ అయిపోకముందే వెనకనుంచి హారన్లు మొదలు. ముందున్నవాడు తట్టుకోలేక కదులుతాడు. సరిగ్గా అదే సమయానికి అటువైపు రోడ్డులో పసుపు లైటు చూసినవాడు బ్రేకు వేయడం మానేసి స్పీడు పెంచి ఉంటాడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. ప్రమాదం కంటపడి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ఆ 14 మీటర్లు అయిపోతాయి. పూర్తిగా ఆగడానికి ఇంకో అంత దూరం కావాలి. అంటే అతను ఆగాలనుకునేసరికి జంక్షన్ మధ్యలో ఉంటాడు, తొందరపడి కదిలిన ఇతనూ అక్కడే ఉంటాడు. పసుపు లైటు పెట్టింది ఆగమని చెప్పడానికి. గీతకు మరీ దగ్గరికొచ్చి, గట్టిగా బ్రేకు వేస్తే ప్రమాదం అనుకున్నవాడికి మాత్రమే దాటిపోయే వెసులుబాటు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అందులో 32,825 మంది నడిచేవాళ్లు. దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. వాళ్లకు బంపరు లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు, హెల్మెట్ కూడా లేదు. ఈ అంకె చదివినప్పుడల్లా నాకు కోపం కంటే ముందు భయం వేస్తుంది, ఎందుకంటే నా ఇంట్లోనూ నడిచే మనిషి ఉంది.

మా అమ్మ. మనవణ్ణి చూసుకోవడానికి ఊరినుంచి వచ్చింది. ఈ ఊళ్లో ఉన్న తెలుగు ఇళ్లు సగం ఇలాగే నడుస్తున్నాయి కదా, కడప నుంచో నెల్లూరు నుంచో అమ్మలూ అత్తలూ వచ్చి ఉంటేనే మనం ఆఫీసులకు వెళ్లగలుగుతున్నాం. ఊళ్లో పొద్దున్నే గుడికీ మార్కెట్‌కీ ఒక్కతే నడిచి వెళ్లొచ్చే మనిషి, ఇక్కడ రోడ్డుకు అవతల ఉన్న గుడికి వెళ్లాలంటే ఆదివారం దాకా నాకోసం చూస్తుంది. "గంట వినబడతానే ఉంది గానీ ఆ రోడ్డు నేను దాటలేనురా" అంటుంది. రోడ్డు మీదుగా కట్టిన నడక వంతెన, అదే స్కైవాక్, ఎక్కొచ్చు కదా అంటారు కొందరు. మోకాళ్లు అరిగినవాళ్లని ఆ మెట్లు ఎక్కించి చూడండి. 20 మీటర్ల రోడ్డు దాటడానికి నెమ్మదిగా నడిచే పెద్దవాళ్లకు 20 సెకన్లు దాటే పడుతుంది. ఆ 20 సెకన్లు చారలు ఖాళీగా ఉంచడం మనవల్ల కావడం లేదు.

మనకు ఆగడం చేతకాదని మాత్రం ఎవరూ అనొద్దు. 2019 నవంబరులో ఇక్కడి పోలీసులు జంక్షన్లలో ట్రాఫిక్ కానిస్టేబుల్ డ్రెస్సు వేసిన బొమ్మల్ని నిలబెట్టారు, టోపీ, నల్లకళ్లద్దాలతో సహా. మనిషి నిలబడితే తప్ప మనం ఆగం అని వాళ్లకు అంత నమ్మకం. 2022 డిసెంబరులో 50 జంక్షన్లలో నంబరు ప్లేటు చదివి చలాన్ పంపే కెమెరాలు మొదలుపెట్టారు. కెమెరా ఉందని తెలిసిన చోట మన వాళ్లు గీత వెనకాలే ఎంత పద్ధతిగా ఆగుతారో చూశాను. అదే బండి, అదే చేయి, తర్వాతి జంక్షన్‌లో కెమెరా లేదనగానే చారల మీదికి ఎక్కేస్తుంది.

రాయితీల సంగతి కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో పాత ఫైన్లు సగానికి కట్టేయమన్నారు. 2025 ఆగస్టు చివర్లో మళ్లీ అదే మాట. ఖజానాకు డబ్బు వచ్చి ఉండొచ్చు, నాకు మాత్రం అది తప్పు నిర్ణయం. ఎర్ర లైటు దాటడాన్ని 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌లో ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద రాశారు. జైలు శిక్షకు కూడా అవకాశమున్న నేరం అది. దానికి సగం ధర పెడితే జనం ఏం నేర్చుకుంటారు? మా గ్రూపులోనే "ఇప్పుడు కట్టకండి, మళ్లీ ఆఫర్ వస్తుంది" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఏపీ, టీఎస్ నంబరు ప్లేటుకు చలాన్ రాదులే అనే ధీమా ఉన్నవాళ్లు ఇంకొందరు. మనం బతకడానికి వచ్చిన ఊరు ఇది. ఇక్కడ కానిస్టేబుల్ ఎండలో, పొగలో నిలబడి చేయి చాపుతుంటే ఆ చేతికింద నుంచి బండి పోనివ్వడం నాకు సిగ్గుగా ఉంటుంది.

డెలివరీ కుర్రాళ్లను ఒక్కళ్లనే దోషుల్ని చేయడం నాకు నచ్చదు. వాళ్ల పరుగు వెనక మన ఆర్డరు ఉంది, దాని మీద మనం చూసుకునే నిమిషాల లెక్క ఉంది. మెడలో కంపెనీ ట్యాగ్ వేసుకుని కార్లో కూర్చున్నవాడికి ఆ ఒత్తిడి కూడా లేదు. అయినా బయటపడే దారిలో చోటు లేదని కళ్లముందు కనబడుతున్నా జంక్షన్‌లోకి దూరి అడ్డంగా ఇరుక్కుంటాడు. నాలుగు వైపులా జనం అతని కోసం ఆగాలి.

"నేనొక్కణ్ణే ఆగితే వెనకవాళ్లు ఊరుకుంటారా?" అని అడుగుతారు. ఊరుకోరు, హారన్ కొడతారు. కొట్టనీయండి. వెనకనుంచి గుద్దుతారనే భయముంటే కాస్త ముందునుంచే మెల్లగా బ్రేకు నొక్కండి, వెనకవాడికి మీ బండి బ్రేకు లైటు కనబడి అతనూ తగ్గుతాడు. ఒక వరుసలో మొదట ఆగిన కారు ఎక్కడుంటే వెనక కార్లన్నీ దానికి వెనకే. ఆ మొదటి కారు మనదైనప్పుడు గీత వెనకాల ఆగితే ఆ వరుస మేర చారలు ఖాళీగా ఉంటాయి. బైకులు దూరతాయి, నిజమే. అయినా పెద్దవాళ్లు దాటడానికి కొంత దారి మిగులుతుంది.

క్యాబ్‌లో వెనక సీట్లో కూర్చున్నప్పుడు కూడా ఈ మాట చెప్పొచ్చు. డ్రైవరన్న చాలాసార్లు కోలారు, చింతామణి వైపు మనిషే అయ్యుంటాడు, తెలుగు బాగా అర్థమవుతుంది. "లేటైనా పర్లేదన్నా, గీత వెనకాలే ఆపు, గ్రీన్ పడ్డాకే పోదాం" అని నేను బండి ఎక్కగానే చెప్పేస్తున్నాను. మీరూ చెప్పండి.