అప్‌డేట్ గారూ, మా అబ్బోడు ఊరికెళ్ళిపోయాడు

మహారాజశ్రీ అప్‌డేట్ గారి సముఖానికి,

తిరుపతి నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. నిన్న ఆదివారం పొద్దుగూకేదాకా మా హాల్లోనే, టీవీ మీద నీలం గీత రూపంలో విశ్రాంతి తీసుకున్నారు కదా. కనీసం కాఫీ కూడా అడగలేదు. అంత మొహమాటం దేనికండీ?

జరిగింది మీకు తెలిసిందే. మా అక్క కొడుకు చిత్తూరు నుంచి వచ్చాడు. "ఈసారి వస్తే కొత్త కార్ల గేమ్ ఆడిస్తా" అని వాడికి ఫోన్లో మాటిచ్చాను. మాట ప్రకారం డిస్కు కొన్నాను. డబ్బా మీద కారు ఉంది, కొండ రోడ్డు ఉంది, వెనకవైపు సన్నటి అక్షరాల్లో తమరి ప్రస్తావన కూడా ఉంది. డిస్కు గేమ్ మిషన్ లోపలికి పోయింది, గిర్రున తిరిగింది, వాడు కంట్రోలర్ పట్టుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు మీరు దయచేశారు. నూరు జీబీ పైచిలుకు దించుకోవాలి అన్నారు.

డిస్కులో ఆట ఉంటుందనుకునే కాలం పోయిందని తెలుసు. కానీ డిస్కులో మరీ ఏమీ లేకుండా, "ఇతగాడు డబ్బు కట్టాడు, లోపలికి రానివ్వండి" అనే చీటీ మాత్రమే ఉంటే, ఆ ప్లాస్టిక్ డబ్బా దేనికండీ? దాని మీద కారు బొమ్మ దేనికి?

మా ఇంటి నెట్ ముప్పై ఎంబీ ప్లాన్. నూరు జీబీ దిగాలంటే ఏడు గంటల పైనే పడుతుంది. అది కూడా పక్క గదిలో మా నాన్న ప్రవచనాలు పెట్టుకోకుండా ఉంటే. మీరేమో ముందు "14 నిమిషాలు" అన్నారు. కాసేపటికి "3 గంటలు" అన్నారు. అన్నానికి లేచి వచ్చేసరికి మళ్ళీ "41 నిమిషాలు". అబద్ధమైనా సరే, ఒక్క అబద్ధం మీద నిలబడండి స్వామీ.

"ఇంగా ఎంతసేపు మామా?"

"అయిపోవచ్చిందిరా."

"ఇందాకా అట్నే చెప్తివి."

తిరుపతివాళ్ళం, ఎదురుచూడడం మాకు కొత్త కాదు. వైకుంఠం కంపార్ట్‌మెంట్లలో కూర్చుని పెరిగినవాళ్ళం. కానీ అక్కడ ఆకలేస్తే ఉప్మా తెచ్చిస్తారు, చంటిపిల్లలకి పాలిస్తారు, గేటు తీయగానే అందరూ గోవిందా అని లేచి ఉరుకుతారు. ఎంత రద్దీ ఉన్నా లోపల దేవుడు ఉన్నాడన్న నమ్మకం ఒకటి ఉంటుంది. మీ గీత చివర ఏముందో మీకే తెలీదు. 60 శాతం దాటాక మీ లోపల్నుంచి ఇంకో అప్‌డేట్ గారు బయటికొచ్చి, "నన్ను కూడా దించుకోండి" అన్నారు చూడండి, అప్పుడు మా అమ్మ కూడా నవ్వింది. ఆవిడకి మీరెవరో కూడా తెలీదు.

ఈ మధ్యలో ఖాతా తెరవమన్నారు. తెరిచాం. ఓటీపీ మా ఆవిడ ఫోన్‌కి పోయింది. ఆవిడ ఫోన్‌తో సహా కూరగాయలకి పోయింది. ఆ సంగతి వదిలేస్తున్నా.

నాలుగింటికి కరెంటు పోయింది. అది మీ తప్పు కాదు, ఎక్కడా అనను. కరెంటు వచ్చాక మాత్రం, "ఫైల్ పాడైంది, మొదటినుంచి మొదలుపెట్టాలి" అన్నారు. అది మీ తప్పే.

అప్పుడు మా అమ్మే అంది, "అటక మీద ఆ పాతది ఉంది కదరా, దాన్నన్నా పెట్టు, పిల్లోడు ఉసూరుమంటా ఉండాడు" అని. దించాను. మూత సగం విరిగిన డబ్బా, వైర్లు చిక్కుపడిన రెండు జాయ్‌స్టిక్‌లు, "9999 ఇన్ 1" అని రాసున్న పసుపు క్యాసెట్. పసుపు వైరు, తెల్ల వైరు టీవీ వెనక దూర్చాను. క్యాసెట్ తీసి ఉఫ్ అని ఊదాను. (ఊదితే ఏమీ కాదట, తీసి మళ్ళీ పెట్టడంతోనే లోపల పిన్నులు సరిగ్గా ఆనుతాయట, ఊదితే తేమ తగిలి చెడ్డదట. అయినా ఊదుతాం.) స్విచ్ వేశాను. నేను కింద కూర్చునేలోపే పాట మొదలైంది.

అప్‌డేట్ గారూ, మీకు పరిచయం లేని పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, చెప్తాను. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్. మొత్తం ఆట 40 కేబీ. ఎనిమిది లోకాలు, ఒక్కో లోకంలో నాలుగు దశలు, పాటలు, రాక్షసుడు, రాకుమారి, అన్నీ కలిపి. మీరు నిన్న దించబోయి దించలేకపోయిన బరువులో 24 లక్షలకు పైగా మారియోలు పడతాయి. చోటు చాలక ఆకాశంలో మబ్బుకీ నేల మీద పొదకీ ఒకే బొమ్మ వాడారు, ఒకదానికి తెలుపు, ఒకదానికి ఆకుపచ్చ. ఈ మాట చెప్పగానే మావాడు టీవీకి ముక్కు ఆనించి చూసి, "అవును మామా!" అని గెంతాడు. మీ నూరు జీబీలో అలా గెంతించే చోటు ఒక్కటి చూపించండి.

ఇంకో సంగతి. వాడికి నేను ఏదీ నేర్పలేదు. మొదటి దశలో మారియో తెరకి ఎడమ పక్క నిలబడి కుడివైపు చూస్తుంటాడు. ముందంతా ఖాళీ, కాబట్టి ఎవడైనా అటే నడుస్తాడు. ఎదురుగా గూంబా అనే గోధుమ రంగు శత్రువు ఒకటి నింపాదిగా వస్తుంది. మావాడు దానికి పోయి తగులుకున్నాడు, చచ్చాడు. రెండోసారి ఎగిరాడు, తల పైనున్న ప్రశ్నార్థకం డబ్బాకి తగిలి నాణెం మోగింది. వాడి మొహం చూడాలి. ఇంకో డబ్బాలోంచి పుట్టగొడుగు ఊడిపడింది, అది కుడివైపు జారుకుంటూ పోయింది. దాన్నీ శత్రువనుకుని వాడు ఆగిపోయాడు. అది గొట్టానికి కొట్టుకుని వెనక్కి తిరిగి వాడి మీదికే వచ్చింది. తప్పించుకోబోయి తగిలించుకున్నాడు, మారియో పెద్దవాడయ్యాడు. ఆ గొట్టం అక్కడ ఊరికే లేదు. మారియోని తయారుచేసిన షిగేరు మియామోటో, ఆయనతో పనిచేసినవాళ్ళు కావాలని పెట్టిందే. పది క్షణాల్లో మొత్తం ఆట నేర్పేశారు, ఒక్క అక్షరం రాయకుండా. మీ ఆటల్లో అయితే ఎక్స్ నొక్కండి, సర్కిల్ నొక్కండి అని అరగంట పాఠం. అది కూడా దాటేయడానికి వీల్లేకుండా.

తర్వాత కాంట్రా అనే తుపాకుల ఆట పెట్టాం. ఇద్దరం, భుజం భుజం తగిలేలా. మూడో దశలో జలపాతం ఎక్కాలి. ఒకడు పైకి ఉరికితే తెర కూడా పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు చస్తాడు. నేను ఉరికాను. "ఆగు మామా, ఆగు!" అని వాడు నా మోచెయ్యి పట్టి లాగాడు, ఇద్దరం చచ్చాం. ఇంటర్నెట్‌లో ముఖం తెలీని వాడితో ఆడితే మోచెయ్యి పట్టి లాగేదెవరండీ?

అప్పుడు ఆ మంత్రం నేర్పాను. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. 30 ప్రాణాలు. "చీటింగ్ కదా మామా?" అన్నాడు. చీటింగ్ కాదురా, చరిత్ర. కజుహిసా హషిమోటో అనే జపాన్ ఆయన గ్రేడియస్ అనే ఆటని ఇంట్లో ఆడుకునే మిషన్‌కి మారుస్తూ, తను కట్టిన ఆటని తనే గెలవలేక, పరీక్షించుకోవడానికి ఈ తాళంచెవి పెట్టుకున్నాడు. తీసేయకుండానే ఆట బజారుకి వచ్చేసింది. ఆ తర్వాత ఆ ఆటల కంపెనీ కొనామీ వాళ్ళు దాన్ని ఆట ఆటలో కావాలనే పెట్టారు. అదే ఇప్పుడైతే 30 ప్రాణాలు 299 రూపాయల ప్యాక్. పండగ ఆఫర్‌లో 249.

మీ జవాబు నాకు తెలుసు. "నేను తప్పులు సరిచేయడానికి వస్తాను" అంటారు. సరే, తప్పుల గురించే మాట్లాడుకుందాం. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది. గుండెలదిరే ఆ టెన్షన్ ఎవరూ రాసి పెట్టింది కాదు. అంతమందిని గీయలేక ఆ మిషన్ ఆయాసపడేది. ఒక్కొక్కరూ పోతుంటే దానికి పని తేలికై చకచకా కదిలించేది. ఆ ఆట కట్టిన తొమోహిరో నిషికాడో అది చూసి, బాగుందని అలాగే ఉంచేశాడు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లో 256వ దశకి చేరితే సగం తెర పిచ్చి అక్షరాలైపోతుంది. అంకెలు లెక్కపెట్టే చోటు అక్కడితో నిండిపోతుంది మరి. మీరైతే రాత్రికి రాత్రి వచ్చి రెండింటినీ "పర్ఫార్మెన్స్ మెరుగుపరిచాం" అని చదును చేసి పోయేవారు.

2023 డిసెంబరులో అమెరికాలో ఒక 13 ఏళ్ళ పిల్లాడు 1989 నాటి టెట్రిస్ అనే ఇటుకలు పేర్చే ఆటని, ఆటే చేతులెత్తేసి ఆగిపోయేదాకా ఆడాడు. మనుషుల్లో అక్కడిదాకా పోయిన మొదటివాడు వాడే. అన్నేళ్ళూ ఆ క్యాసెట్ అలాగే ఉంది. ఎవరూ వచ్చి దాని తలుపు కొట్టలేదు.

న్యాయంగా ఒక మాట. పాతవాళ్ళంతా సత్యహరిశ్చంద్రులేం కాదు. ఆ "9999 ఇన్ 1"లో నిజంగా ఉన్నవి గుప్పెడు, మిగతావన్నీ అవే ఆటలు వేరే పేర్లతో. మీరు చేసిన మంచి కూడా ఒకటుంది. యూనివర్సిటీ రోజుల్లో బాలాజీ కాలనీ నెట్ సెంటర్‌లో మేం రాత్రిళ్ళు తగలేసిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే రాజ్యాల ఆట, 1999 నాటిది, ఇంకా బతికే ఉంది. 2022లో దానికి ద్రావిడులు, గూర్జరులు, బెంగాలీలు వచ్చారు, రాజేంద్ర చోళుడు వచ్చాడు. అది మీ చలవే. ఆ రోజు మీకు దండం పెట్టుకున్నాను కూడా. కొత్తది తెచ్చారు, పాతదాన్ని పాడు చేయలేదు, నాకు ఓపిక ఉన్నప్పుడు దించుకున్నాను. అలా రావచ్చు కదా ఎప్పుడూ?

రావు. నువ్వు అలా రావు. ఎందుకంటే నువ్వు వచ్చేది నా కోసం కాదు. ఆట సగం వండి అమ్మేసి, మిగతా సగం నా కరెంటుతో, నా నెట్‌తో, నా ఆదివారంతో వండించుకోవడానికి వస్తావు. వాడెవడో తొందరపడి సరుకు బజార్లో పెడితే, ఆ తొందర ఖరీదు చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చిన పిల్లోడు కట్టాలా? అప్పుడు క్యాసెట్ ఒకసారి అచ్చయితే మళ్ళీ ముట్టుకోడానికి లేదు, అందుకే బయటికి పంపేముందు భయపడి చూసుకునేవాళ్ళు. ఇప్పుడు నువ్వున్నావనే ధైర్యంతో ఎవడూ చూసుకోవడం లేదు. ఆట అమ్మకానికి వచ్చిన రోజే దిగే అతుకు, "డే వన్ ప్యాచ్" అని దానికో పేరు, సిగ్గు లేకుండా.

పోనీ ఇంత చేసి ఉంటావా అంటే అదీ లేదు. ది క్రూ అని కార్ల గేమే, 2014లో వచ్చింది. 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకుందామన్నా కుదరదు. డబ్బు పెట్టి కొన్నవాళ్ళ దగ్గర డిస్కులు అలాగే ఉన్నాయి, గోడకి తగిలించుకోవడానికి పనికొస్తాయి. ముప్పై ఏళ్ళు అటక మీద ఎలుకల మధ్య పడి ఉన్న డబ్బా నిన్న స్విచ్ వేయగానే లేచి పాట పాడింది. నీ నూరు జీబీ ఇంకో పదేళ్ళకి ఏ అటక మీద ఉంటుంది? చెప్పు.

వాడు సాయంత్రం బస్సుకి చిత్తూరు వెళ్ళిపోయాడు. కొత్త గేమ్ ఊసే ఎత్తలేదు. బస్టాండులో అడిగింది ఒక్కటే, జలపాతం తర్వాత ఏమొస్తుంది మామా అని. చెప్పలేదు.

వాడు మళ్ళీ దసరా సెలవులకి వస్తాడు. రెండో జాయ్‌స్టిక్‌లో బి బటన్ నొక్కితే లోపలే ఉండిపోతోంది, వాడు పదిసార్లు గోటితో పైకి లాక్కున్నాడు పాపం. గాంధీ రోడ్డులో ఎవరైనా బాగుచేస్తారేమో కనుక్కోవాలి, లేదంటే కొత్తదే కొనాలి. షాపులు మూసేలోపు వెళ్ళాలి, ఉంటాను.

ఇట్లు,
ఎయిర్ బైపాస్ రోడ్డు, తిరుపతి నుంచి
ఒక మేనమామ