నేరం ఒప్పుకోలు గారికి, కోర్టు ఎదుటి టైపిస్టు రాయునది

మహారాజశ్రీ నేరం ఒప్పుకోలు గారికి, విజయనగరంలో కోర్టు ఎదుట టైపు కొట్టుకుని బతికేవాడు నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం. పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో, తమరి దర్శనం మాత్రం కావడం లేదు. అభియోగం చదివి వినిపించి “నేరం ఒప్పుకుంటావా?” అని జడ్జిగారు అడిగే రోజు ఒకటుంటుంది కదా, ఆ రోజు తమరు రారు. ముద్దాయి “ఒప్పుకోను, విచారణ కావాలి” అంటాడు. అది అతని హక్కు, వంక పెట్టను.

నా బాధల్లా తమరి దూరపు చుట్టం కనికరం గారితో. సాక్ష్యాలన్నీ అయ్యి, నేరం రుజువైందని తేలి, శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని అడగ్గానే ఈయన పరుగెత్తుకొస్తాడు. “ముసలి తల్లిదండ్రులున్నారు బాబూ, పెళ్లాం పిల్లలు నా మీదే ఆధారపడ్డారు, ఇదే మొదటి తప్పు, కూసింత దయ చూడండి.” నిన్నటిదాకా అసలు తప్పే చెయ్యలేదన్న మనిషికి ఇవాళ ఇది మొదటిదెలా అయింది? పసిపిల్ల మీద చెయ్యి వేసినవాడికి తన పిల్లలు గుర్తుకు రావడానికి తీర్పు రోజే దొరికిందా?

ఈయన మాట ఒకప్పుడు బాగానే చెల్లింది. కర్ణాటకలో ఏడెనిమిదేళ్ల పాప కేసులో కింది కోర్టు పదేళ్లు వేస్తే, హైకోర్టు దాన్ని నాలుగుకి దించింది. కారణాలు చూడండి: చదువులేనివాడు, తాగుడు అలవాటున్నవాడు, ముసలి తల్లి, భార్య, పిల్లలు ఉన్నవాడు. తాగుడు కూడా ఒక అర్హతే అన్నమాట! 2000లో సుప్రీంకోర్టు ఇవి శిక్ష తగ్గించే కారణాలు కావని చెప్పి పదేళ్లూ మళ్లీ వేసింది. అప్పటికీ కోతలు ఆగలేదు. 2012లో పోక్సో చట్టం వచ్చి, తీవ్రమైన నేరాలకు ఇంతకన్నా తగ్గకూడదని గీత గీసినా, అలహాబాద్ హైకోర్టు ఒక కేసులో నేరాన్ని తక్కువ రకంగా లెక్కగట్టి పదిని ఏడు చేసింది. కనీస శిక్ష అని చట్టంలో రాసి ఉంటే కోర్టుకు వేరే దారి లేదని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ పది చెయ్యాల్సి వచ్చింది.

తమరి విషయానికొస్తాను. తమరికి ఒక్క విలువే ఉంది. తమరు వేళకొస్తే, జడ్జిగారు దాన్ని అంగీకరిస్తే, పాప బోనెక్కక్కర్లేదు. లేకపోతే ఆ గుంటని బొబ్బిలి అవతలి ఊరి నుంచి ఆటో, బస్సు మార్పించి, బడి మానిపించి తీసుకురావాలి. ముద్దాయి కంటబడకుండా సాక్ష్యం చెప్పించాలని, లాయర్ల ప్రశ్నలు జడ్జిగారి ద్వారానే రావాలని, కేసు తీసుకున్న ముప్పై రోజుల్లో పాప సాక్ష్యం రాసుకోవాలని, వీలైతే ఏడాదిలో విచారణ ముగించాలని చట్టం ఉంది. “వీలైతే” అన్న ఆ ఒక్క మాట మీద ఎన్ని వాయిదాలు నడుస్తాయో మా టీ కొట్టువాణ్ణి అడగండి. పాప ఈలోగా రెండు క్లాసులు పైకెళ్తుంది. అప్పుడు పిలిచి, ఆ రోజు ఏం రంగు గౌను వేసుకున్నావమ్మా అని అడుగుతారు.

ఇంగ్లండులో తమరికి రేటు కట్టి పెట్టారు. మొదటి అవకాశంలోనే ఒప్పుకుంటే శిక్షలో మూడోవంతు దాకా కోత, విచారణ మొదలయ్యే రోజున ఒప్పుకుంటే పదోవంతు. ఆలస్యమయ్యేకొద్దీ ధర పడిపోతుంది, మా రైతుబజారులో సాయంత్రం తోటకూరలాగ. మన దగ్గర 2006లో నేరం ఒప్పుకుని బేరమాడే పద్ధతి వచ్చింది గానీ, ఆడవాళ్ల మీద, చిన్నపిల్లల మీద జరిగిన నేరాలను దాని బయటే ఉంచారు. మంచిదే. పాప పడ్డ బాధకు డిస్కౌంటేమిటి?

కానీ ఇక్కడే నాకు పీటముడి. 2019 సవరణ తర్వాత పదహారేళ్లలోపు పిల్లల మీద అత్యాచారమైతే తక్కువలో తక్కువ ఇరవై ఏళ్లు. ఒప్పుకున్నా ఇరవై, రుజువైనా ఇరవై, ఒప్పుకోకుండా లాగితే తప్పించుకునే ఛాన్సు. ఇంక తమరెందుకొస్తారు? ఇరవై నుంచి యావజ్జీవం దాకా జడ్జిగారి చేతిలో చోటుంది. పాప నోరు విప్పకముందే వచ్చినవాడికి ఆ చోటులో కాస్త తేడా చూపితే నాకు అభ్యంతరం లేదు. ఇరవైకి కిందికి మాత్రం వద్దు. పాప ఏడ్చి చెప్పాక వచ్చేవాడికి అదీ వద్దు.

అసలు తమరు రాకపోవడమేమీ లేదు, కోర్టుకు రారంతే. ఊళ్లో పెద్దమనుషుల దగ్గరికి మర్నాడే వెళ్తారు. అక్కడ నిమిషంలో ఒప్పుకుంటారు. “ఏటో అయిపోనాది, పిల్ల పెళ్లి కావలసింది, బయటికి పొక్కితే మీకే నష్టం” అని తప్పు కట్టించి, డబ్బు లెక్కపెట్టి, తగువు తీర్చేస్తారు. ఆ కాగితం టైపు చెయ్యమని నా దగ్గరికే వస్తారు! ఇవి రాజీ పడే కేసులు కావు. రాజస్థాన్‌లో విద్యార్థినిని వేధించాడని ఓ టీచరు మీద పెట్టిన కేసును రాజీ పేరుతో హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు తిరగతోడింది. తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే, ఆరునెలల దాకా జైలు. ఈ మాట చెబితే ఆ పెద్దమనుషులు నా మొహం చూసి, పక్క టైపిస్టు దగ్గరికి పోతారు.

కాబట్టి మనవి ఏమనగా, ఇకమీదట రచ్చబండకు కాకుండా అభియోగం చదివే రోజున నేరుగా కోర్టు హాల్లోకే దయచెయ్యండి. కనికరం గారిని వెంటబెట్టుకుని రావద్దు. తమరి మాట నోటితో చెప్పేదే కనుక నాకు టైపు ఛార్జీ కూడా ఇవ్వక్కర్లేదు.

ఇట్లు,
రాజీ కాగితాలు టైపు చెయ్యని టైపిస్టు,
విజయనగరం