ఒక్క నలుపే కదా అంటే ఎలా?

పల్లెటూరి గడ్డి ఇళ్ళు, నాలుగు చెట్లు, అంతా ఒక్క నలుపు. అంతే, "స్కెచ్ లాగే ఉందిగా, ఇందులో ఏముంది" అని తేల్చేస్తారు. జపాన్ కళాకారుడు ఉనిచి హిరాత్సుకా చెక్క అచ్చుల (చెక్కిన చెక్కకి సిరా పూసి కాగితం మీద దించిన బొమ్మల) గురించి ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది. రంగుల అచ్చులో ఒక తప్పును ఇంకో రంగు కొంత కప్పేస్తుంది. ఇక్కడ ఉలి జారిందా, జారిందే.

1895లో మత్సుఎలో పుట్టి, 1935 నుంచి టోక్యో లలితకళల పాఠశాలలో చెక్క అచ్చు నేర్పిన మనిషి ఆయన. పాత గుడుల పెంకులు పోగేసే పిచ్చి కూడా ఉండేది. అచ్చుల్లో ఆయన చెక్కిన పైకప్పులు చూస్తే ఆ పిచ్చి వృథా పోలేదనిపిస్తుంది.

ముందు గీత అంచు చూడండి. నున్నగా ఉండదు. చదును మొన ఉన్న చిన్న ఉలిని అటూ ఇటూ ఊపుతూ, పొడుస్తూ ముందుకు తోస్తారు. దాని పేరు త్సుకిబొరి. అంచు చిన్న చిన్న పళ్ళుగా విరుగుతుంది; ఆకులకీ రాతిగోడకీ ఆ గరుకు అక్కడిదే. ఉలి మొద్దుబారితే పళ్ళు రావు, చెక్క పీచుపీచుగా లేస్తుంది. నల్లగా పడాల్సిన సన్నగీతకి రెండు పక్కలా వాలు వదలాలి. నిట్టనిలువుగా కోశారో, రుద్దుడికి పుటుక్కున ఊడుతుంది.

పెడన అద్దకంలో టేకు అచ్చును బట్ట మీద పెట్టి పైనుంచి కొడతారు. ఇక్కడ తిరగేసిన వ్యవహారం: సిరా పూసిన చెక్క కింద, తడిపిన కాగితం పైన. కాగితం వీపు మీద బారెన్ అనే గుండ్రటి రుద్దుడు బిళ్ళతో రుద్దాలి. తడి ఎక్కువైతే సిరా పాకి సన్నటి తెల్లగీతలు పూడిపోతాయి. కాగితం ఆరినా, సిరాలో గంజి చాలకపోయినా నలుపు మీద నువ్వులు చల్లినట్టు తెల్లచుక్కలు. జపాన్‌లోనూ దానికి నువ్వుల పేరే. కావాలని తెచ్చుకుంటే అందం, తెలియక వస్తే కాగితం దండగ. అరచేయంత నలుపును మచ్చ లేకుండా దించడం ఎంత కష్టమో ఒక్కసారి చేసి చూస్తే స్కెచ్ మాట మళ్ళీ నోటికి రాదు.

ఇంకో ఒళ్ళుమంట: కంప్యూటర్ ప్రింటు తీసి "వుడ్‌బ్లాక్" అని అమ్మేవాళ్ళు. కొనేముందు ఫ్రేము విప్పించండి. చేత్తో రుద్దిన అచ్చుకి వెనక్కి ఊరిన నలుపు, బారెన్ తిరిగిన జాడ తరచూ కనిపిస్తాయి. భూతద్దంలో సన్నటి రంగుచుక్కల వల కనిపిస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి. అసలుదే దొరికితే గాజుకి ఆనించొద్దు, సెల్లోటేపు అసలే వద్దు.