పాలసీ మారితే పేషెంటుదా తప్పు?

మార్చి ఆఖర్లో నాన్న తిరుపతిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేరారు. ఏప్రిల్ 1న మా ఆఫీసువాళ్లు గ్రూప్ ఇన్సూరెన్స్ కంపెనీని మార్చేశారు. అంతే! మంచం అదే, మనిషి అదే, జబ్బు అదే. కార్డు మాత్రం చెల్లదట.

పాత కంపెనీకి ఫోన్ చేస్తే "మీ పాలసీ ముగిసింది సార్" అంటారు. చేరిన రోజు అమల్లోనే ఉంది కదయ్యా! కొత్తవాళ్లేమో "అడ్మిషన్ మా తేదీకి ముందు కదా, పాతవాళ్లనే అడగండి" అంటారు. మధ్యలో టీపీఏ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే ఏజెన్సీ. వాళ్లకు ఫోన్ చేస్తే పాట తప్ప మనిషి దొరకడు. మరి ఎవరిని అడగాలి? ఏడుకొండలవాడినా?

కౌంటర్లో మళ్లీ ఆధార్ జిరాక్స్ అడిగారు. మొన్న ఇచ్చింది? అది పాత ఫైలట!

డిశ్చార్జి రోజు ఇంకా ఘోరం. క్యాష్‌లెస్ (బిల్లు నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీయే ఆసుపత్రికి కట్టడం) అడిగితే గంటలో తేల్చాలి, డిశ్చార్జి అనుమతి 3 గంటల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే పడే అదనపు ఖర్చు ఇన్సూరెన్స్ కంపెనీయే భరించాలి అని 2024లోనే ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది. ఆ మాట అంటే నన్ను వింత జంతువులా చూశారు. శ్రీనివాసంలో ఇచ్చే దర్శనం టోకెన్ మీదైనా టైం ఉంటుంది. ఇక్కడ "వెయిట్ చేయండి" ఒక్కటే. డాక్టరు పొద్దున్నే ఇంటికి వెళ్లొచ్చన్నారు. సాయంత్రానికి ఇంకో రోజు రూం అద్దె బిల్లులో ఎక్కింది. ఎవరు కట్టాలి?

ఈలోగా హెచ్‌ఆర్ నుంచి మెయిల్: కొత్త పాలసీతో మరింత మెరుగైన సేవలట! సేవలు తర్వాత బాబూ, ముందు ఎవరో ఒకరు ఆ ఫోన్ ఎత్తండి.