అన్నదమ్ముల గాలి పంపకాలు

అన్నదమ్ములు వేరుపడితే గట్టు దగ్గర తగువొస్తుంది, బావి దగ్గర తగువొస్తుంది, అమ్మ నగల దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు. ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో తగువంతా గాలి దగ్గరే. 1798 సీసీ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, గాలిలో పెట్రోల్ కలిపి పంపే ఎస్‌యూ కార్బొరేటర్లు రెండు. హెడ్‌లోకి గాలి వెళ్లే దారులు కూడా రెండే. ముందున్న కార్బొరేటర్, అంటే అన్నగారు, ఒకటి, రెండు సిలిండర్లను పోషిస్తాడు. వెనకున్న తమ్ముడు మూడు, నాలుగింటిని. ఎవరి సంసారం వారిదే. మధ్యలో బ్యాలెన్స్ పైపు ఒకటి, ఉమ్మడి గోడలో కిటికీలాగా.

అసలీ కార్బొరేటర్‌ను తయారుచేసిందీ అన్నదమ్ములే. ఎస్‌యూ అంటే స్కిన్నర్ యూనియన్. చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం కాబట్టి కార్బొరేటర్‌లో గాలి లాగుడుకు లేచి దిగే పిస్టన్ బదులు మొదట్లో తోలుతిత్తి వాడారు. 1910 నాటికి కంపెనీ పెట్టారు. వాళ్ల యూనియన్ బాగానే నడిచింది. పొత్తు కుదరంది ఇక్కడ, మన వీధిలోనే.

ఎందుకంటే హైదరాబాద్‌లో పాత స్పోర్ట్స్ కారు బానెట్ లేపడమంటే రచ్చబండకు చాటింపు వేసినట్టే. ఇరానీ హోటల్లో చాయ్ సగంలో వదిలేసి మరీ పెద్దమనుషులు వచ్చేస్తారు. ఒకాయనకు బుల్లెట్ అనుభవం. ఒకాయన మేనమామకు అంబాసిడర్ ఉండేది. అంబాసిడర్, ఎంజీబీ ఇంజిన్లది ఒకే వంశం కాబట్టి ఆ చుట్టరికం కాదనలేం. అందరి జేబులోనూ పేచ్‌కస్, అదే స్క్రూడ్రైవర్, ఉంటుంది. వీరి ధర్మశాస్త్రం చాలా చిన్నది. స్లో (పెడల్ తొక్కనప్పటి నడక) నిలవకపోతే తిప్పు. పికప్ లేకపోతే తిప్పు. పెట్రోల్ తాగేస్తుంటే రెండూ తిప్పు.

అందుకని పంచాయతీ నియమావళి ఒకటి అత్యవసరంగా ప్రతిపాదిస్తున్నాం.

మొదటి నియమం: పాస్‌బుక్ చూడకుండా గొలుసు వేయరాదు, అంటే మిగతా ఇంజిన్ చూడకుండా కార్బొరేటర్ తాకరాదు. భూరికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చినా ఈ నియమం మారదు. చల్లటి ఇంజిన్ మీద టాపెట్ సందు (వాల్వ్ దగ్గర వదిలే ఖాళీ) 0.015 అంగుళం ఉందా? డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల సందు కూడా దాదాపు అంతే, ఉందా? ప్లగ్గులు, టైమింగ్, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూశారా? ఒక వాల్వ్ సరిగ్గా మూసుకోని ఇంటికి ఎంత గాలి పంచినా ఆ ఇల్లు బాగుపడదు. తప్పు మాత్రం కార్బొరేటర్ నెత్తిన పడుతుంది. కార్బొరేటర్ జబ్బని ముద్రపడి వచ్చిన కేసుల్లో చాలావాటికి మందు డిస్ట్రిబ్యూటర్ మూత కింద ఉంటుంది. పెద్దమనుషులు అటువైపు పోరు. డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్‌కు అవతలి పక్కన ఉంది, చాయ్ ఇవతల ఉంది.

రెండోది దొంగగాలి. థ్రాటిల్ (గాలి దారిలోని తలుపు) తిరిగే ఇరుసును, అంటే స్పిండిల్‌ను, వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. టకటక ఆడిందంటే ఆ సందులోంచి లెక్కలో లేని గాలి పోతున్నట్టే. ఇంజిన్ స్లోలో ఉండగా స్పిండిల్ చివర ఇంజిన్ ఆయిల్ ఒక బొట్టు వేస్తే సందు కాసేపు మూసుకుని చప్పుడు మారుతుంది, రుజువు దొరికింది. ఇక బుష్‌లు, స్పిండిల్ మార్చాల్సిందే, స్క్రూ తిప్పి ఆ గాలిని ఆపిన మొనగాడు లేడు. ఎగ్జాస్ట్ కూడా అదే పక్కన కాలుతుంటుంది కాబట్టి మండే స్ప్రేలు కొట్టి రుజువులు వెతకొద్దు.

ఆ వేడిని ఆపడానికే కార్బొరేటర్లకూ మానిఫోల్డ్‌కూ మధ్య హీట్ షీల్డ్, వేడి పాకని దిమ్మలు, వాటికి రెండు పక్కలా గ్యాస్కెట్లు. బిగించేటప్పుడు ఒక దిమ్మ మిగిలిందని సంతోషించే మిస్త్రీలున్నారు. మే నెలలో అమీర్‌పేట సిగ్నల్ దగ్గర కార్బొరేటర్ పక్కనుండే పెట్రోల్ గిన్నెలో, అదే ఫ్లోట్ చాంబర్‌లో, పెట్రోల్ ఉడికినప్పుడు ఆ సంతోషం యజమానికి అర్థమవుతుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఒక పాలు పెట్రోల్ కాలడానికి 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు. అంటే పాత పుస్తకం ప్రకారం పెట్టిన సెట్టింగు ఈ కల్తీకి (కల్తీ అనకూడదేమో, విధానం అందాం) పలచనవుతుంది, అంటే గాలికి తగ్గ ఇంధనం చాలదు. పాత రబ్బరు పైపులనూ అది వదలదు. ఇథనాల్‌కు తట్టుకునే పైపు వేయండి.

మూడో నియమం: అన్న చొక్కా తమ్ముడికి తొడగరాదు. కార్బొరేటర్ పిస్టన్, దాని మీద టోపీలా ఉండే చాంబర్ ఒక జత. కడిగేటప్పుడు రెండు కార్బొరేటర్ల సామాను ఒకే తట్టలో పోస్తే వంశవృక్షం గల్లంతు. పిస్టన్ రంధ్రాలు మూసి, డాంపర్ (పిస్టన్ దూకుడు ఆపే కడ్డీ) పెట్టి, పిస్టన్‌ను పట్టుకుని బోర్లిస్తే, చాంబర్ మెల్లగా జారి దిగడానికి ఒకటిన్నర అంగుళాల నోరున్న హెచ్‌ఎస్ 4 రకం కార్బొరేటర్‌కు 5 నుంచి 7 సెకన్లు పట్టాలి. పిస్టన్ అంచుకు నూనె పూయకూడదు, పూస్తే దుమ్ము అంటి పట్టేస్తుంది. నూనె నడిమి గొట్టంలోకే, 20 గ్రేడుది. డాంపర్ మూత బిగుసుకోవడానికి ఇంకా 6 మిల్లీమీటర్లు ఉండగానే చేతికి అడ్డు తగలాలి. లేకపోతే రేస్ ఇచ్చిన ప్రతిసారీ ఇంజిన్ ఒక్క క్షణం నసుగుతుంది.

ఇప్పుడు పంపకం. పిస్టన్ కింద వేలాడే సూది, అదే నీడిల్, దాని భుజం పిస్టన్ అడుగుతో సమంగా ఉండాలి. ఆ సూది దిగే పెట్రోల్ గొట్టమే జెట్. రెండు జెట్‌లనూ పూర్తిగా పైకి తెచ్చి, అక్కడి నుంచి వాటి కింది నట్టును రెండు చుట్లు, అంటే పన్నెండు ముఖాలు, కిందికి దించండి. ఇది ఆరంభం మాత్రమే, తీర్పు కాదు. ఇంజిన్ బాగా వేడెక్కాక, రెండు థ్రాటిళ్లను కలిపే కడ్డీ క్లాంపులు వదులు చేయండి. ఈ పని మరిచిపోతే మీరు అన్నను సవరిస్తుంటే తమ్ముడు కదులుతుంటాడు, పొద్దుగూకుతుంది. ఎయిర్ ఫిల్టర్లు తీసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ఒక్కో కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి వినండి. రెండింటి బుసా ఒకే స్థాయిలో ఉండేదాకా స్లో స్క్రూలు సరిచేయాలి. చెవిలో గొట్టంతో వంగి నిల్చున్న మనిషిని చూసి పెద్దమనుషులు నవ్వుతారు. నవ్వనివ్వండి.

గాలి సమమయ్యాకే పెట్రోల్. నట్టు పైకి పోతే పలచన, కిందికి వస్తే చిక్కన. ఒకసారికి ఒక్క ముఖమే. పిస్టన్ లేపే పిన్నును నొక్కి పిస్టన్‌ను 0.8 మిల్లీమీటరు మేర లేపండి. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే చిక్కన. పడిపోతే పలచన. రవ్వంత పెరిగి యథాస్థానానికి వస్తే సరి. రెండోదాన్నీ చూసి, మళ్లీ మొదటిదానికి రండి, ఎందుకంటే ఒకరి వాటా సవరిస్తే ఇంకొకరికి తేడా వస్తుంది. ఈ తతంగం సాగుతుంటే మూడు నిమిషాలకోసారి నిమిషానికి 2500 చుట్ల దగ్గర అర నిమిషం రేస్ ఇచ్చి ప్లగ్గులు శుభ్రం చేసుకోవాలి. తర్వాతి హెచ్‌ఐఎఫ్ 4 రకానికి నట్టు ఉండదు, పక్కన స్క్రూ ఉంటుంది. నట్టు వెతుకుతూ పానా తిప్పేవారికి జరిమానా.

చివరగా క్లాంపులు బిగించండి. స్లోలో ఏ థ్రాటిల్ ఆ స్క్రూ మీదే వాలేలా కడ్డీకి కాస్త ఆట వదలాలి, పెడల్ తొక్కగానే మాత్రం రెండూ ఒకేసారి లేవాలి. చోక్ లాగితే రెండు జెట్‌లూ కలిసి దిగుతున్నాయో లేదో కూడా చూడాలి. చూశాక బానెట్ దించే ముందు చాయ్ హోటల్ వైపు ఓ కన్నేయండి. సాసర్ కింద పెట్టేసి, "అన్నా, స్లో ఇంకొంచెం పెంచుదామా" అంటూ ఒకాయన ఇప్పటికే రోడ్డు దాటుతుంటాడు.