మహారాజశ్రీ సేవ్ పాయింట్ గారి సముఖమునకు

మహారాజశ్రీ సేవ్ పాయింట్ గారికి, పాతికేళ్లుగా తమ గుమ్మం ముందు పడిగాపులు కాస్తున్న ఒక ఆటగాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. రేపు క్షేమం కాకపోతే ఇవాళ్టికి వెనక్కి వచ్చేద్దామంటే, ఈ లోకంలో తమరి బ్రాంచి లేదు.

గ్రాంథికం ఇక్కడితో ఆపేస్తాను. మీ మీద గౌరవం ఉంది గానీ, మరీ అంత లేదు.

ఈ ఉత్తరం పదిమంది కంటా పడుతుంది కాబట్టి మీరెవరో ముందు చెప్పాలి. జపాన్ వాళ్ల రోల్ ప్లేయింగ్ ఆటల్లో, ఏ గుహలోనో ఏ కోటలోనో, వెలుగుతూ గిర్రున తిరుగుతూ కనిపించే గుర్తు మీరు. మీ మీద నిలబడి బటన్ నొక్కితే అప్పటిదాకా ఆడిందంతా భద్రం. నొక్కకుండా ముందుకెళ్లి చస్తే, పోయినసారి నొక్కిన చోటికి రావాలి. మధ్యలో గడిపిన గంటన్నరా గంగపాలు.

మన పరిచయమే సరిగ్గా జరగలేదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా పెదనాన్నగారబ్బాయి సింగపూర్ నుంచి వస్తూ తన పాత ప్లేస్టేషన్ నాకు తెచ్చాడు. ఫైనల్ ఫాంటసీ 7 డిస్కులు మూడూ ఇచ్చాడు. కంట్రోలర్ ఇచ్చాడు. అక్కడి ప్లగ్గు మన సాకెట్లో దూరదని గుర్తుపెట్టుకుని అడాప్టర్ కూడా ఇచ్చాడు. ఆడింది దాచుకునే మెమరీ కార్డు ఒక్కటే మర్చిపోయాడు. మొదటిసారి ఎంతో ఆశగా మీ మీద ఎక్కి నిలబడితే, కార్డు లేదు పొమ్మన్నారు. మెట్లన్నీ ఎక్కాక గుడి తలుపులు మూసేసినట్టు.

కార్డు మా ఊళ్లో దొరకలేదు. అందుకని ఉపాయం కనిపెట్టాను: ఆపకపోవడం. రాత్రి టీవీ కట్టేసి, ప్లేస్టేషన్ మాత్రం అలాగే ఉంచి, దాని పచ్చ లైటు కనపడకుండా తువ్వాలు కప్పి పడుకునేవాణ్ణి. మూడు రాత్రులు గడిచాయి. నాలుగో తెల్లవారుజామున అమ్మ పాల కోసం లేచింది. తువ్వాలు తీసింది. చెయ్యి పెట్టి చూసింది, పెట్టె వెచ్చగా ఉంది. "రాత్రంతా ఇలా తగలేస్తుంటే బిల్లెవడు కడతాడ్రా" అని గోడ మీద స్విచ్ టక్కున తీసేసింది. అప్పటికి నేను మిడ్గార్ నగరం నుంచి తప్పించుకుని, కామ్ అనే ఊరి సత్రంలో ఉన్నాను. పదకొండు గంటల ఆట. ఆ "టక్" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అమ్మ మీద రెండు పూటలు అలిగాను. మీ మీద మాత్రం ఇంకా అలిగే ఉన్నాను.

తర్వాత మీ వంశచరిత్ర తిరగేశాను, శత్రువు గురించి తెలుసుకోవాలంటారు కదా. 1986లో డ్రాగన్ క్వెస్ట్ వచ్చినప్పటికి మీరింకా పుట్టలేదు. ఆ ఆట క్యాసెట్‌లో ఆటగాడి సంగతులు దాచుకునే చోటే లేదు. ఆపాలనిపిస్తే రాజుగారి దర్బారుకు వెళ్లాలి. ఆయన "పునరుద్ధరణ మంత్రం" అని ఒకటి చెబుతాడు. జపాన్ వాళ్ల హిరగానా లిపిలో ఇరవై అక్షరాలు. మీ పేరు, డబ్బు, అనుభవం, సామాను, అన్నీ ఆ ఇరవైలోనే మూటగట్టి ఉంటాయి. కాగితం మీద రాసుకుని, మర్నాడు ఒక్కో అక్షరం ఎక్కించాలి. తప్పొస్తే మంత్రం పనిచెయ్యదు. మరుసటి ఏడాది వచ్చిన రెండో ఆటలో ఈ మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. మసక టీవీలో చూసి రాసుకునేదేమో పిల్లలాయె. హిరగానాలో "మె", "ను" అక్షరాలు కవల పిల్లల్లా ఉంటాయి. "బ"కి పైన రెండు చిన్న గీతలు, "ప"కి చిన్న సున్నా, అంతే తేడా. మనకి థ, ధ దగ్గర పొట్టలో చుక్క ఉందా లేదా అని వచ్చే గొడవే. మన దగ్గర చుక్క మర్చిపోతే డిక్టేషన్లో ఒక మార్కు పోతుంది, అక్కడ రాజ్యమే పోయేది.

1988లో మూడో ఆటకి, ఆడింది గుర్తుంచుకోవడానికి క్యాసెట్ లోపల వాచీ సెల్ లాంటి చిన్న బ్యాటరీ పెట్టారు. మంత్రాలు పోయి "సాహసాల పుస్తకం" వచ్చింది. హాయి అనుకున్నారు జనం. కానీ ఆట ఆపేటప్పుడు రీసెట్ బటన్ ఒక వేలితో నొక్కిపట్టి, రెండో చేత్తో పవర్ తియ్యాలి, లేకపోతే పుస్తకం పాడవ్వచ్చు. పాడైన రోజున తెర మొత్తం నల్లబడి, ఒళ్లు జలదరించే ఒక చిన్న బాణీ మోగి, పాపం మీ సాహసాల పుస్తకం చెరిగిపోయింది అని తెలియజేసేది. జపాన్‌లో ఆ తరం వాళ్లకి ఆ బాణీ వింటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. నా విషయంలో అమ్మ సంగీతం కూడా వెయ్యలేదు.

అప్పటికి కూడా సేవ్ చెయ్యడం రాజుల చేతుల్లోనో, సత్రాల్లోనో, ఊరి బయట మైదానంలోనో ఉండేది. 1990లో ఫైనల్ ఫాంటసీ 3 చివరి గోపురంలోకి అడుగుపెట్టినవాడు లోపల ఎక్కడా సేవ్ చేసుకోలేడు. గంటల తరబడి నడిచి, ఆఖర్న ఓడిపోయి, మళ్లీ మొదటి మెట్టు. 1991లో ఫైనల్ ఫాంటసీ 4 వచ్చినప్పుడు మీరు గుహల లోపలికే వచ్చి నేల మీద ఒక గుర్తుగా వెలిశారు. స్వయంభువుగా. ఆ కరుణ చూసి అందరూ దండం పెట్టారు. నేనూ పెట్టాను, కాదనను.

అయితే ఆ కరుణ వెనకున్న అసలు రంగు 2001లో, ఫైనల్ ఫాంటసీ 10 దగ్గర బయటపడింది. అందులో మిమ్మల్ని తాకితే చాలు, దెబ్బలన్నీ మానిపోతాయి. ఉచితంగా. అడక్కుండానే. జాతరకి ముందు మేక మెడలో దండేసి మేత పెట్టేది కూడా ఉచితంగానే కదా. పెద్ద తలుపు, దాని ముందు మీరు, పైగా ఈ ప్రేమ. అవతల కోసెయ్యడానికి ఎవరో కూర్చున్నారని ఎంత అమాయకుడికైనా అర్థమవుతుంది.

ఆ ఆటలో యూనలెస్కా అని ఒకావిడ ఉంటుంది. ఆవిడతో పోరాడే ముందు మీ దగ్గర సేవ్ చేసుకోవాలి. తర్వాత పెద్ద సంభాషణ. కథంతా అక్కడే మలుపు తిరుగుతుంది, అద్భుతమైన ఘట్టం, మొదటిసారి నా కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత యుద్ధం. ఆవిడ మనవాళ్లని జాంబీలుగా మార్చేస్తుంది. జాంబీకి వైద్యం చేస్తే ప్రాణం పెరగదు, పోతుంది. అందుకని బుద్ధి ఉన్న ఎవడైనా హోలీ వాటర్ చల్లి మామూలు మనుషుల్ని చేసుకుంటాడు. నేనూ చల్లాను. ముగ్గురికీ చల్లాను, శుభ్రంగా. అప్పుడావిడ మూడో రూపమెత్తి మెగా డెత్ అని ఒకటి వేస్తుంది. అది జాంబీలను ఏమీ చెయ్యదు, బతికున్నవాళ్లను మాత్రమే చంపుతుంది. శ్రద్ధగా మందు వేసుకున్నవాళ్లు ముగ్గురూ ఒక్కసారే పోయారు. మళ్లీ మీ దగ్గరికి. మళ్లీ ఆ సంభాషణ మొదటి నుంచీ, దాటవేసే బటన్ లేదు. ఐదోసారికి కళ్లు చెమర్చడం మానేశాయి. ఆరోసారికి పాత్రలకన్నా ముందే డైలాగులు చెప్పేస్తున్నాను. అంత గొప్ప ఘట్టాన్ని నాకు ప్రైవేటు బస్సులో వేసే సినిమా చేసేశారు మీరు. రెండు నిమిషాలు ఇవతల కాకుండా అవతల నిలబడి ఉంటే మీ సొమ్మేం పోయింది?

ఒక్కసారి మాత్రం మిమ్మల్ని నా ఇష్టమొచ్చిన చోట నిలబెట్టే అధికారం నాకిచ్చారు. ఫైనల్ ఫాంటసీ 7 చివరి బిలంలో ఒక స్ఫటికం దొరుకుతుంది. దాన్ని ఎక్కడ వాడితే అక్కడ సేవ్ పాయింట్ పుడుతుంది, ఒకే ఒక్కసారి. (అవును, కార్డు కొన్నాను. మొదటి నుంచీ ఆడాను. తువ్వాలు మానేశాను.) ఆ స్ఫటికం ఎక్కడ వాడాలని రెండు రోజులు ఆలోచించాను. ఇంకాస్త లోపలికెళ్లాక వాడదాం అనుకోవడం, అంతలో టెన్షన్ పుట్టడం, వెనక్కి రావడం. చివరికి గుమ్మం దగ్గరే పాతేశాను. గుమ్మం బయట మైదానంలో ఎటూ సేవ్ చేసుకోవచ్చు. ప్లాటు రిజిస్ట్రేషన్ ఆఫీసు పక్కనే ఇంకో రిజిస్ట్రేషన్ ఆఫీసు కట్టినట్టయింది.

పిరికితనం నాది కాదంటాను. మీరు అలవాటు చేసిందే.

ఆ తర్వాత విజువల్ నవల్స్‌లో పడ్డాను. అక్కడ మీరు పాయింటుగా ఉండటం మానేసి సర్వాంతర్యామి అయిపోయారు. బొమ్మలూ సంగీతంతో నడిచే నవల అది, అక్కడక్కడా ఏం చేద్దామని అడుగుతుంది. ఏ వాక్యం దగ్గరైనా సేవ్ చేసుకోవచ్చు, దాచుకోవడానికి పదుల కొద్దీ గళ్లు, అంటే స్లాట్లు. 1994లో వచ్చిన కమాయితాచి నో యోరులో మంచు కమ్మేసిన బసలో హత్యలు జరుగుతాయి, హంతకుడి పేరు మనమే రాయాలి. ఎంత ఆలస్యమైతే అంతమంది పోతారు. చెమటలు పట్టాల్సిన చోటు. మీరు పక్కనుంటే చెమటెందుకు? బసలో ఉన్నవాళ్లందరి పేర్లూ వరసగా కొట్టి చూడొచ్చు. అది డిటెక్టివ్ పని కాదు, ఓటర్ల లిస్టు సరిచూడటం.

2004 నాటి క్లానాడ్‌లో నా నడవడిక ఇంకా ఘోరం. హైస్కూలు కథ. నాగిసా అనే అమ్మాయి మూతబడ్డ నాటకాల క్లబ్బుని మళ్లీ తెరవాలని తంటాలు పడుతుంటుంది. లైబ్రరీలో కొతొమి ఒంటరిగా పుస్తకాల మధ్య ఉంటుంది. ఫూకో అని ఇంకో పిల్ల, అక్క పెళ్లికి రమ్మని పిలుస్తూ చెక్కతో స్టార్‌ఫిష్‌లు చెక్కి బడి మొత్తానికీ పంచుతుంది. ప్రతి కూడలిలోనూ ఒక సేవ్. ఒకరి కథ చివరిదాకా చూసి, కళ్లు తుడుచుకుని, లోడ్ కొట్టి దాచిన చోటికి వెనక్కొచ్చి, ఇంకొకరి దగ్గరికి. అదేమని అడిగితే ఆటే అలా ఉంది మరి: మిగతావాళ్ల కథలు పూర్తిచేసి వెలుగుబిందువులు కూడబెట్టుకుంటే గానీ అసలు ముగింపు దొరకదు. ఒక్కరికే కట్టుబడ్డవాడికి కథ సగంలోనే ఆగుతుంది.

ఇలాంటి శిక్షణతో పెళ్లిచూపులకు వెళ్లాను. ఫిల్టర్ కాఫీ అందుకుంటుండగా అమ్మాయి "మీ హాబీలేంటి" అంది. నా కళ్ల ముందు మూడు ఆప్షన్లు. చెయ్యి మెనూ బటన్ కోసం తడుముకుంది, కాఫీ సాసర్లో ఒలికింది. "పుస్తకాలు చదువుతానండీ" అన్నాను. అబద్ధం కాదు, విజువల్ నవల్‌లో నవల ఉంది. ఆ సంబంధం కుదిరింది. కాబట్టి వేరే ఆప్షన్ నొక్కితే ఏమయ్యేదో నాకిప్పటికీ తెలియదు. మా ఆవిడ తెలుసుకోవద్దంటోంది.

స్టైన్స్ గేట్ దగ్గర కొంచెం సిగ్గుపడ్డాను. 2009 నాటి కథ. అందులో కుర్రాడు ఒకరిని కాపాడటానికి గతంలోకి వెళ్తాడు, విఫలమవుతాడు, మళ్లీ వెళ్తాడు. జరిగిందంతా అతనొక్కడికే గుర్తుంటుంది, మిగతావాళ్లకి ఏమీ తెలియదు. ప్రతిసారీ మనిషి కొంచెం అరిగిపోతుంటాడు. అతను ఏడుస్తూ వెనక్కి వెళ్తున్నాడు, నేను చిప్స్ తింటూ వెనక్కి వెళ్తున్నాను. చేసే పని ఇద్దరిదీ ఒకటే. అసలు ముగింపు కావాలంటే ఆటలో వచ్చే మెయిళ్లకి సరైన జవాబులు ముందునుంచే ఇస్తూ రావాలి, నేను ఇవ్వలేదు. అందుకు కూడా మళ్లీ మిమ్మల్నే వాడుకున్నాను.

ఇక అసలు సంగతి. 2017లో వచ్చిన నియర్ ఆటోమాటా నేను కొంచెం ఆలస్యంగా ఆడాను. దాని చివరి ముగింపులో పేర్లు పైకి వెళ్తుంటాయి చూడండి, ఆ పేర్లే మన మీద తూటాలు పేలుస్తాయి. తయారుచేసినవాళ్ల పేర్లన్నీ కాల్చుకుంటూ పోవాలి. ఒంటరిగా నెగ్గడం దాదాపు అసాధ్యం. చచ్చిన కొద్దీ ఎక్కడెక్కడి ఆటగాళ్లో రాసిన ధైర్యవచనాలు తెర మీదికొస్తాయి. కాసేపటికి సాయం కావాలా అని అడుగుతారు. ఊ అంటే, వేరే వాళ్ల ఓడలు వచ్చి మన చుట్టూ నిలబడతాయి, మనకి తగలాల్సిన దెబ్బ వాళ్లు తింటారు. ఒక్కొక్కటి పేలినప్పుడల్లా ఫలానావారి డేటా పోయింది అని పడుతుంది. మొదట అర్థం కాలేదు. అంతా అయ్యాక నన్నూ అడిగారు: ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి ఇలాగే సాయం చెయ్యడానికి నీ సేవ్ ఫైళ్లన్నీ చెరిపేస్తాం, ఇస్తావా? సరే అంటే మళ్లీ అడిగారు. నువ్వు సాయం చేసేవాడు నీకు నచ్చనివాడే కావచ్చు, కృతజ్ఞత దొరక్కపోవచ్చు, అయినా సరేనా? స్విచ్ తీసేముందు మా అమ్మ ఇన్నిసార్లు అడగలేదు.

రాత్రి రెండు దాటింది. చేతిలో కంట్రోలర్ పట్టుకుని అలా కూర్చుండిపోయాను. రెండు స్లాట్లలో మార్చి మార్చి దాచుకున్న నలభై గంటలు. అమ్మ మంచినీళ్ల కోసం లేచి వచ్చింది. ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది.

"ఇంకా పడుకోలేదా?"

"అడుగుతోందమ్మా, అంతా చెరిపెయ్యమంటావా అని."

"మరి చెరిపెయ్, పొద్దున్నే ఆఫీసు."

నొక్కాను. మెనూలో పేజీలు ఒక్కొక్కటిగా తెరుచుకుని ఖాళీ అవుతూ వచ్చాయి. ఆయుధాలు పోయాయి, మ్యాపు పోయింది. ముందు ముందు అవసరమొస్తుందని ఒక్కటి కూడా వాడకుండా దాచిన మందులు బోలెడు, అవీ పోయాయి. అమ్మ గ్లాసు పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. అంతా అయ్యాక గోడ వైపు చెయ్యి చాపింది.

"స్విచ్ తియ్యనా?"

"ఉండమ్మా, నేను తీస్తాను."

ఇట్లు,
తమ విధేయుడు,
స్లాట్ 1 (ఖాళీ)